బుడ్డి చిన్నది, ఘాటు పెద్దది

ఈ మధ్య మా ములుగులో ఎవరింటికి వెళ్ళినా అలమరలో బొటనవేలంత రంగు గాజు బుడ్లు కనిపిస్తున్నాయి. ఒకదాని మీద లావెండర్, ఇంకోదాని మీద నిమ్మగడ్డి, మరోదాని మీద యూకలిప్టస్ అని చీటీలు. తలనొప్పికొకటి, నిద్రకొకటి, దోమలకొకటి. ఈ వైద్యానికి అరోమాథెరపీ అని పేరు. గట్‌ఫోసే అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1937లో ఆ పేరుతోనే పుస్తకం వేశాడు. పేరు కొత్తదే గాని, సరుకు మనకు కొత్తది కాదు. పంటినొప్పికి లవంగ నూనె, పడిశానికి నీలగిరి తైలం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నవే. మా చుట్టుపక్కల జామాయిల్ తోటలకూ కొదవ లేదు. నీలగిరి తైలమిచ్చే చెట్టుకు అవి దగ్గరి చుట్టాలు. ఆ ఆకు నలిపి వాసన చూడని పిల్లవాడు ఈ ప్రాంతంలో ఉండడు.

చిక్కల్లా "నూనె" అనే మాటతోనే వచ్చింది. మా అత్తమ్మ ఇప్పనూనె ఎరిగిన మనిషి. ఒకనాడు లావెండర్ చుక్క వేళ్ళ మధ్య రుద్ది చూసి, "గిదేం నూనె బిడ్డా, జిడ్డే లేదు?" అన్నది. సంగతంతా ఆ ప్రశ్నలోనే ఉన్నది. ఇప్ప పలుకులో, నువ్వులో గానుగాడితే వచ్చేది జిడ్డునూనె. ఇదేమో ఆకునో పువ్వునో ఆవిరిలో మగ్గబెట్టి, ఆ ఆవిరిని చల్లార్చి, నీటిమీద తేలినదాన్ని పట్టినది. నూరు కిలోల నిమ్మగడ్డికి దక్కేది అరకిలో అటూ ఇటూ. గంపెడు గడ్డి ఘాటంతా గుక్కెడు నూనెలో ఉన్నదన్నమాట! అంచేత "ఆకుపసరే కదా, ఏం చేస్తుంది?" అనుకోవటానికి వీల్లేదు.

కిందటి చలికాలం మా వీధిలో ఒక ఇంట మూడేళ్ళ పిల్లకు పడిశం పట్టింది. పెద్దావిడ ప్రేమకొద్దీ చక్కెరలో నీలగిరి తైలం కలిపి నాకించింది. అరగంట తిరక్కుండానే పిల్ల దగ్గింది, తూలింది, పిలిస్తే పలకలేదు. ఉప్పునీళ్ళు తాగించి కక్కిద్దామని ఒకరు, వద్దని ఒకరు. చివరికి బుడ్డి చేతబట్టుకునే ఆస్పత్రికి పరుగెత్తారు. "కక్కించకపోవటమే మేలైంది. తైలం ఊపిరితిత్తుల్లోకి పోయేది" అన్నారు డాక్టరుగారు. రాత్రంతా కనిపెట్టుకుని చూశారు. తెల్లవారి పిల్ల "బువ్వ" అన్నాక గాని మా ఎవరి ప్రాణమూ కుదుటపడలేదు. పెద్దావిడను ఏమనగలం? బుడ్డి మీద అచ్చువేసిన హెచ్చరిక చీమతలకాయంత. చిన్నపిల్లలకు ఒక్క చెంచాడు తైలం మూర్ఛ తెప్పించగలదు. కర్పూరమూ అంతే.

కొత్తగా మొదలుపెట్టే సోదరీమణులు ఈ నాలుగు ముక్కలు గుర్తుంచుకుంటే చాలు. వీటిని కడుపులోకి పుచ్చుకోకూడదు. ఒంటికి నేరుగా రాయకూడదు. 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలో 6 చుక్కలు కలిపితే సుమారు నూటికి ఒక వంతు. పెద్దలకు అది చాలు. ముందు మోచేతి లోపలివైపు కాస్త రాసి 24 గంటలు ఆగి చూడాలి. మంట పుడితే వంటనూనెతో తుడిచి సబ్బుతో కడగాలి. కంట్లో పడితే నీళ్ళతో కడుగుతూ డాక్టరును చూడాలి. నిమ్మతొక్క నూనె రాసుకుని మన ఎండలో తిరిగితే చర్మం కమిలిపోతుంది. రెండేళ్ళలోపు పిల్లల ముక్కు దగ్గర కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం పూయనే కూడదు. గర్భిణులు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారు డాక్టరునడిగాకే వీటి జోలికి వెళ్ళాలి. వాసన కోసమైతే రెండు మూడు చుక్కలు, తెరిచిన కిటికీ, అరగంట సేపు. దీపానికి దూరంగా సుమా, ఇవి భగ్గున అంటుకుంటాయి.

ఇన్ని ఆంక్షలయితే ఎందుకీ బుడ్లు అంటారేమో. పగలంతా చాకిరీ చేసి వచ్చినవారికి గదిలో ఒక మంచి వాసన మనసు తేలిక చేస్తే అది తక్కువ లాభమా? కాని జ్వరం తగ్గించటం దాని పని కాదు. ఏడాది దాటిన బిడ్డకు దగ్గు వస్తే మా ఏటూరునాగారం అడవి తేనె అరచెంచాడు, గోరువెచ్చని నీళ్ళు, అమ్మ ఒడి. ఆయాసమో జ్వరమో ఉంటే డాక్టరు. తైలం బుడ్డి మాత్రం పై అరలో, తాళం లోపల.