నింద మోసే మానిటర్లు

తెర రెప్పపాటు నల్లబడి మళ్లీ వెలిగితే చాలు, ‘మానిటర్ పోయింది’ అనేస్తారు. మార్చాక కూడా అదే జరిగితే గ్రాఫిక్స్ కార్డు మీద పడతారు. బల్ల వెనక చుట్ట చుట్టుకుని, గోడ పైపులోంచి దూరి వచ్చే కేబుల్ వైపు మాత్రం ఎవరూ చూడరు. కదలదు, వేడెక్కదు, దానికేం రోగం ఉంటుందిలే అనుకుంటారు. కేబుల్ పొడుగ్గా ఉన్నచోట నేనైతే మొదట దాన్నే అనుమానిస్తాను.

మా ఊళ్లో శుభలేఖలు అచ్చువేసే షాపు ఒకటుంది. కంప్యూటర్ లోపలి గదిలో ఉంటుంది. పెళ్లివారు పేర్లూ ముహూర్తమూ సరిచూసుకోవడానికి కౌంటర్ దగ్గర ఇంకో మానిటర్. రెంటికీ మధ్య ఫాల్స్ సీలింగ్ మీదుగా 10 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్. ఏళ్ల తరబడి ఏ పేచీ లేదు. కౌంటర్ దగ్గరికి 4కే మానిటర్ వచ్చాక మొదలైంది. తాతగారి పేరులో ఒత్తు పడిందో లేదో చూస్తుండగానే తెర నల్లబడేది, కాసేపటికి తిరిగి వచ్చేది. ముదురు రంగుల మీద తెల్ల చుక్కలు మిణుకుమనేవి. అమ్మినవాళ్లు మానిటర్ మార్చి ఇచ్చారు. కొత్తదీ అదే వరస.

పాత మానిటర్ 1920 x 1080 బొమ్మను సెకనుకు 60 సార్లు చూపేది. అందుకు కేబుల్‌లోని మూడు తీగ జతల్లో ఒక్కొక్కటీ సెకనుకు 148.5 కోట్ల బిట్లు మోస్తే సరిపోయింది. 4కే బొమ్మకు అదే జత 594 కోట్లు మోయాలి. వేగం పెరిగేకొద్దీ కరెంటు రాగి లోపలికి పోకుండా పైపొరలోనే పారుతుంది, దాంతో నిరోధం పెరుగుతుంది. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు కూడా కొంత మింగుతుంది. కాలువ చివరి పొలాలకు నీరందనట్టే, పొడుగాటి కేబుల్ కొసకు సిగ్నల్ నీరసించి చేరుతుంది. ఏది సున్నా, ఏది ఒకటి అన్నది మానిటర్ కొంతవరకు సరిచేసుకుని గుర్తుపడుతుంది. ఆ హద్దు దాటితే చేతులెత్తేస్తుంది.

1987లో వచ్చిన వీజీఏ ఈ విషయంలో ఎంతో మేలు. కేబుల్ పొడుగైతే అక్షరాల అంచులు అలుక్కుపోయేవి, పక్కన నీడలు పడేవి. చూసినవాళ్లకు ఇట్టే తెలిసేది. డిజిటల్ కేబుల్ అలా ముందుగా చెప్పదు. హద్దు దాకా బొమ్మ అద్దంలా ఉంటుంది. దాటగానే చుక్కలు, ఆ తర్వాత ‘నో సిగ్నల్’. ‘నిన్నటిదాకా బాగానే ఉందండీ’ అన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

షాపులో కొత్త మానిటర్‌ని లోపలి గదికి తెచ్చి, మీటరున్నర కేబుల్‌తో పెట్టి చూశాం. మచ్చ లేదు. మళ్లీ కౌంటర్ దగ్గర పొడుగు కేబుల్‌కే తగిలించి, సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ 60 నుంచి 30కి దించాం. బరువు సగమైంది, బొమ్మ నిలిచింది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. మానిటర్‌ని ఆటో ఎక్కించే ముందు అందరూ దీన్ని చేసి చూడాలని నా కోరిక. 30 దగ్గర మౌస్ బరువుగా కదులుతుంది కాబట్టి అది శాశ్వత మందు మాత్రం కాదు.

బంగారు పూత పిన్నులు తుప్పును ఆపుతాయేమో గానీ దూరాన్ని తగ్గించవు. రెండు కేబుళ్లను జాయింటుతో కలిపితే నష్టం ఇంకా ఎక్కువ. ఐదు మీటర్ల లోపైతే ‘ప్రీమియం హై స్పీడ్’ లేబుల్ ఉన్న రాగి కేబుల్ చాలావరకు గట్టెక్కిస్తుంది. ఆ లేబుల్ 18 గిగాబిట్లకు పరీక్షించారన్న గుర్తు. డిస్‌ప్లేపోర్ట్‌కైతే పూర్తి వేగంలో రెండు మీటర్లు దాటినప్పుడే జాగ్రత్తపడాలి. షాపుకు చివరికి ఫైబర్ హెచ్‌డీఎంఐ వేశారు. అందులో బొమ్మ కాంతిగా వెళ్తుంది. దానికి దిక్కు ఉంటుంది: ‘సోర్స్’ అని రాసిన కొస కంప్యూటర్‌కే పెట్టాలి, తిరగేస్తే ఏమీ రాదు.

పాత కేబుల్ ఊడదీయడానికే ఎక్కువ అవస్థ పడ్డారు. సన్నటి పైపులో ప్లగ్గు ఇరుక్కుని సీలింగ్ పలక ఒకటి కోయాల్సి వచ్చింది. ఇల్లో షాపో కట్టిస్తున్నవాళ్లు ప్లగ్గు సులువుగా దూరే వెడల్పు పైపు వేయమనండి, మలుపులు మరీ మడతపడకుండా చూడమనండి, లోపల ఒక జీఐ తీగ వదలమనండి. రేపు ఏ కేబుల్ వచ్చినా దానికి కట్టి లాగేసుకోవచ్చు.