మా సందులో మూడు స్తంభాలు

మా సందులో కరెంటు స్తంభాలు మూడుండేవి, వెలిగే దీపాలు మాత్రం రెండే. విశాఖపట్నం వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్టుకి వెనకగా, రెండు రిక్షాలు ఎదురుపడితే ఒకటి వెనక్కి తగ్గాల్సినంత ఇరుకు సందు. మొదట్లో ఒక ట్యూబ్‌లైటు, చివర మా ఇంటి ముందు ఇంకొకటి. మధ్య స్తంభానికీ ట్యూబు ఉండేది గానీ అది కుదురుగా వెలగడం నేనెరగను. ఎవరో అర్జీ పెట్టేవారు, ఎవరో నిచ్చెన వేసుకొచ్చి స్టార్టరు మార్చేవారు. నాలుగు రోజులు టపటపలాడి, కొసలు నల్లబడి, మళ్లీ మూగబోయేది. 1980ల మాట ఇది. బుర్ర కాస్త నిదానంగా వెలిగేవాళ్లని ట్యూబ్‌లైటని వెక్కిరించే అలవాటు అప్పుడే మొదలైందనుకుంటాను.

గొప్పవాళ్లంతా వీధి దీపాల కింద చదువుకున్నారని మా మాస్టారు చెప్పని వారం లేదు. మేమూ ప్రయత్నించాం. తొలకరి పడ్డ మర్నాడు ఉసుళ్లు పుస్తకంలోనూ జుట్టులోనూ దూరేవి, ఈగల్లాంటి ఆకుపచ్చ పురుగులు మెడ మీద పాకేవి. ఆ పెద్దమనుషుల ఊళ్లలో పురుగులు లేవేమో.

ట్యూషను అయ్యాక మెయిన్ రోడ్డు మీంచి సందులోకి తిరిగేదాన్ని. మెయిన్ రోడ్డుకి అప్పటికే సోడియం దీపాలొచ్చాయి. పసుపచ్చని వెలుగు, బట్టల కొట్ల ముందు జనం, రిక్షాల బారు. అక్కణ్ణించి సందులోకి అడుగు పెట్టగానే కళ్ల ముందు ఏమీ ఆనేది కాదు. నాకు భయం వేసింది అక్కడే. అందరూ చీకటిదనే మధ్య స్తంభం దగ్గర కాదు, మలుపు దాటిన మొదటి పది పన్నెండు అడుగుల్లో. సందులో నిలబడ్డవాడికి నేను పూర్తిగా కనిపిస్తాను, వాడు నాకు కనపడడు. పోనీ ట్యూబ్‌లైటు ఉందిగదా అంటే, దీపానికి వీపు పెట్టి నిలబడ్డ మనిషికి ఒంటి చుట్టూ తెల్లటి అంచు తప్ప ముఖం ఉండదు. చొక్కా తెలుస్తుంది, లుంగీ తెలుస్తుంది. ఎవరో తెలియదు.

మధ్య స్తంభం చీకటిదే గానీ అక్కడ పకోడీల అత్త ఉండేది. అరుగు మీద బొగ్గుల కుంపటి, దాని పక్కన ఒక కిరసనాయిలు బుడ్డి. ఆ బుడ్డి వెలుగు ఎంతని! అరిచేతిలో చిల్లర లెక్కపెట్టుకోడానికి సరిపోయేది, అంతే. కానీ అది నేల మీద పడేది కాదు, నిలబడ్డవాళ్ల ముఖాల మీద పడేది. పొట్లం కోసం చుట్టూ మూగినవాళ్లందరి ముక్కూ మూతీ ఇరవై అడుగుల అవతల్నించే ఆనవాలు పట్టేదాన్ని. "ఏటే గుంటా, ఇంతాలీసమా?" అని ఆవిడ అడిగిందంటే ఇల్లు చేరిపోయినట్టే.

ఈ తేడా నా వెర్రి కాదని చాలా ఏళ్ల తర్వాత, వీధి దీపాల మీద జరిగిన పరిశోధనలు చదివినప్పుడు తెలిసింది. 1982లో వాన్ బోమెల్, కామినాడా అనే ఇద్దరు నెదర్లాండ్స్ పరిశోధకులు, నడిచేవాళ్లకి దీపం ఎంత కావాలో నేల మీద పడే వెలుగును బట్టి కాకుండా ఎదుటి మనిషి ముఖాన్ని బట్టి లెక్క కట్టాలన్నారు. నాలుగు మీటర్ల దూరంలో ముఖం గుర్తుపట్టగలిగితే తప్పుకోవడానికో పలకరించడానికో వ్యవధి ఉంటుందని వాళ్ల వాదన. ఇంగ్లండులో షెఫీల్డ్ పరిశోధకులు, నడిచేవాళ్ల చూపు ఎటు పోతోందో నమోదు చేసే పరికరం కళ్లకి తగిలించి చూసి, ఎదురొచ్చే మనిషిని మనం పదిహేను మీటర్ల దగ్గరే అంచనా వేసుకుంటామన్నారు. అదీ అరసెకను చూపులో. ఆ లెక్కన చిన్నప్పుడు నేను చాలా పెద్ద పరిశోధన చేసినట్టే, చేతిలో లెక్కల పుస్తకంతో.

మలుపు దగ్గర కళ్లు చీకట్లు కమ్మడానికీ కారణముంది. కంటి వెనక పొరలో రెండు రకాల కణాలుంటాయి. పట్టపగలు, రంగుల్లో చూసేవి శంకువులు, అరవై లక్షలు. మసక వెలుగులో పనిచేసేవి దండాలు, సుమారు పన్నెండు కోట్లు. వెలుగు నుంచి చీకట్లోకి వెళితే శంకువులు పది నిమిషాల్లో చేతనైనంత సర్దుకుంటాయి, దండాలు పూర్తిగా తేరుకోవడానికి అరగంట దాకా పడుతుంది. మా సందు పొడుగంతా కలిపి రెండు నిమిషాల నడక. మెయిన్ రోడ్డు మీద దీపాలు ఎంత పెంచితే మా సందు మలుపు అంత చీకటవుతుంది.

మా తాత పోర్టులో రాత్రి డ్యూటీలు చేసి రిటైరైన మనిషి. ఆయనకి శంకువులూ తెలియవు, దండాలూ తెలియవు. వేసవిలో మేడ మీద పడుకున్నప్పుడు దూరంగా సముద్రం మీద పడవ దీపం చూపించేవాడు. నాకు కనపడేది కాదు. "దానికేసి సూటిగా సూడకే. రవంత పక్కకి సూడు, అదే అవుపడతాది" అనేవాడు. పక్కకి చూస్తే నిజంగానే మినుకు తగిలేది, తిరిగి దాన్నే చూడబోతే మాయం. చూపు సూటిగా పడేచోట దండాలు అసలుండవు. మసక వెలుగు పట్టే పనంతా ఆ చుట్టుపక్కల కణాలదే.

సందె వేళ ఇంకో వింత. మా పెరట్లో కనకాంబరాలు పగలంతా మెరిసిపోయేవి. పొద్దు గుంకాక మామ్మ మాల కట్టడానికి కోయమంటే, ఆకులింకా తెలుస్తూనే ఉండేవి, పూలు మాత్రం నల్లబడి వాటిలో కలిసిపోయేవి. మల్లెలకి ఆ బాధ లేదు. 1825లో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త సరిగ్గా ఇదే రాశాడు. వెలుగు తగ్గేకొద్దీ ఎరుపు ముందు చస్తుంది, నీలం, ఆకుపచ్చ నిలుస్తాయి. పగటి చూపుకి బాగా ఆనేది 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి వెలుగు, చీకటి చూపుకి 507 దగ్గరిది. ఏ రంగు దీపం వేస్తే కంటికి ఎక్కువ ఆనుతుందనే చర్చంతా ఈ రెండు అంకెల మధ్యే. మన వీధులు పూర్తి పగలూ కాదు, పూర్తి చీకటీ కాదు, ఈ రెండింటి మధ్య మసక. దాన్ని కొలిచే పద్ధతిని అంతర్జాతీయ దీపకాంతి సంఘం 2010లోగానీ ఖాయం చేయలేదు.

సోడియం దీపాల కింద మా అమ్మ ఎప్పుడూ చీర కొనలేదు. మెరూనుకీ నలుపుకీ తేడా తెలియని వెలుగది. నా ఎర్ర రిబ్బను మట్టిరంగు తిరిగేది. ఆ దీపాల సొగసంతా కరెంటు పోయి వచ్చినప్పుడే. ఇళ్లలో బల్బులు ఠపీమని వెలిగేవి, సందులో ట్యూబులు కాసేపు తన్నుకుని లేచేవి, సోడియం దీపాలు మాత్రం వేడి చల్లారేదాకా మొండికేసి, తర్వాత నీలిగా, గులాబిగా, ఆఖరికి బంగారంగా తిరిగేవి. ఆ రంగులు చూడ్డానికే మలుపు దాకా పరిగెత్తేవాళ్లం.

కరెంటు పోయిన పున్నమి రాత్రుల్లో వెన్నెల కుప్పలు ఆడేవాళ్లం. వెలుగును లక్సుల్లో కొలుస్తారు, నిండు వెన్నెల కూడా ఒక లక్సులో పావు వంతు దరిదాపుల్లోనే ఉంటుంది. మన దేశపు ప్రమాణం ప్రకారం చిన్న వీధికైనా సగటున 4 లక్సులు కావాలి, పెద్ద రోడ్లకి 30. అంటే మా ఆట వీధి దీపంలో పదహారో వంతు వెలుగులో సాగేది, ఎవరికీ భయం లేదు. వెన్నెల అంతటా ఒకేలా పరుచుకుంటుంది, కంట్లో గుచ్చుకోదు. ఆ ప్రమాణంలోనూ సగటు ఒక్కటే చాలదని, తక్కువ వెలుగున్న చోటు సగటులో ఎన్నో వంతు ఉండాలో కూడా రాసుంది.

మా గుంపులో ఒక కుర్రాడు మాత్రం వెన్నెల్లోనూ నా గౌను కుచ్చు పట్టుకునే నడిచేవాడు. రేచీకటి. విటమిన్ ఎ చాలక దండాల్లో వెలుగును పట్టే పదార్థం తయారుకాదు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధన ఆధారంగా పిల్లలకి ఆరునెలలకోసారి ఆ విటమిన్ పోసే పథకం 1970లో మొదలైంది. మా సందు దాకా అది ఎప్పుడొచ్చిందో గానీ, వాళ్లమ్మ మునగాకు కూర పెట్టని రోజు లేదు. వాడు ఏడో తరగతికొచ్చేసరికి నా గౌను వదిలేశాడు.

దీపాలు పెడితే నేరాలు తగ్గుతాయా అంటే, ఒక్క మాటలో చెప్పేది కాదు. 2016లో న్యూయార్కు ప్రభుత్వ గృహ సముదాయాల్లో లాటరీ తీసి కొన్నిటికి మాత్రమే పెద్ద దీపాలు పెట్టి చూస్తే, రాత్రివేళ బయట జరిగే తీవ్ర నేరాలు 36 శాతం దాకా తగ్గినట్టు తేలింది. ఇంగ్లండు, వేల్స్‌లో ఖర్చు కలిసొస్తుందని దీపాలు తగ్గించిన చోట్ల చూస్తే, ప్రమాదాలు గానీ నేరాలు గానీ పెరిగిన ఆధారం దొరకలేదని 2015లో రాశారు. వెల్ష్, ఫారింగ్టన్ అనే ఇద్దరు అలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు బయటపడ్డ సంగతి నాకు అన్నిటికన్నా నచ్చింది. దీపాలు బాగుపడ్డ వీధుల్లో పగటి నేరాలు కూడా తగ్గాయట. పట్టపగలు దీపం చేసేదేముంది? మన వీధిని పట్టించుకునేవాళ్లున్నారన్న ధీమా వస్తే జనం బయటికొస్తారు, అరుగుల మీద కూర్చుంటారు.

అరుగుల గురించి మరీ మురిసిపోనక్కర్లేదు. ఆ అరుగుల మీది కళ్లే నేను ఎన్నింటికొచ్చానో, పక్కన ఎవరున్నారో మా నాన్నకి లెక్క అప్పజెప్పేవి. పకోడీల అత్త నన్ను కాపాడింది, రెండుసార్లు పట్టించింది కూడా.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఊళ్లో స్తంభాల్ని నేలకరిపించింది. ఆ తర్వాత విశాఖలో 90 వేలకు పైగా వీధి దీపాల్ని ఎల్‌ఈడీలుగా మార్చారు. మా సందులో ఇప్పుడు మూడు స్తంభాలకీ మూడు దీపాలు. మధ్యదీ వెలుగుతోంది. వెలుగు తెల్లగా ఉంది, రిబ్బను ఎర్రగానే కనిపిస్తుంది, కరెంటు ఖర్చూ తక్కువ. చిక్కల్లా కంటికి సూటిగా గుచ్చుకునే ఆ దీపపు చుక్కలతోనే. వయసు మీద పడ్డ కంట్లో కటకం మసకబారి వెలుగును చెదరగొడుతుంది. మా అమ్మ శుక్లాల ఆపరేషను చేయించుకోకముందు గుమ్మంలోకొచ్చి, చెయ్యి నుదుటికడ్డం పెట్టుకుని, "ఎవరర్రా ఆ వచ్చేదీ?" అని అడిగేది. దీపం సరిగ్గా గుమ్మంకేసి వంచి ఉండేది. వచ్చేవాడికి ఆవిడ కనపడేది, ఆవిడకి వాడు కనపడేవాడు కాదు.

స్తంభమెక్కిన కుర్రాణ్ణి బతిమాలి దాని మూతి కాస్త కిందికి వంచించాం. ఇప్పుడా వెలుగు ఎదురింటి మెట్ల మీద పడుతోంది. వాళ్ల కోడలు పాపని నిద్రపుచ్చే గది కిటికీ అటే ఉందట, ఇంకాస్త ఇటు తిప్పమని కబురు పెట్టింది. మా అమ్మ ఒప్పుకోవడం లేదు.