ఖాళీగా వదిలిన గడిలో ఏముండాలి?

మా నాన్న ఖరగ్‌పూర్‌లో సిగ్నల్ మెయింటెయినర్‌గా రిటైరయ్యారు. నేను మెల్‌బోర్న్‌లో ఆస్పత్రులు వాడే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షిస్తుంటాను. నా పనికి పునాది కాలేజీలో పడలేదు, మథురాకాఠీ రైల్వే క్వార్టర్లలోనే పడింది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పనికోసం వెళ్లి అక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. ఆ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపిన వి.వి. గిరి గారు తర్వాత రాష్ట్రపతి అయ్యారని మా ఇళ్లలో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

పాత సిగ్నల్ స్తంభానికి ఒక చెయ్యి, దానికి తగిలించిన ఒక బరువు ఉండేవి. క్యాబిన్‌లో లీవరు లాగితే తీగ బిగిసి చెయ్యి కిందికి వాలేది, బండికి దారి ఇచ్చినట్టు. తీగ తెగిందా, ఆ బరువు చేతిని మళ్లీ అడ్డంగా నిలబెట్టేది, బండి ఆగాల్సిందే. ట్రాక్ సర్క్యూట్ కూడా అంతే. పట్టాల్లో సన్నగా కరెంటు పారుతున్నంతసేపే లైను ఖాళీ అని లెక్క. పట్టా విరిగినా, కరెంటు పోయినా రిలే పడిపోయి, లైన్లో బండి ఉన్నట్టే చూపిస్తుంది. ‘తెలీనప్పుడు ఎరుపే ఉండాలమ్మా’ అనేవారు నాన్న.

నా పనిలోనూ అదే ప్రశ్న. డేటాబేస్‌లో ఎవరూ ఏమీ నింపని గడిలో దానంతటదే వచ్చి కూర్చునే విలువను డీఫాల్ట్ అంటాం. మా దగ్గర రక్తపరీక్షల కోసం కొత్త మోడల్ (ఏ గడిలో ఏముండాలో చెప్పే కోడ్) రాస్తున్నప్పుడు, ఫలితం గడికి ‘సాధారణం’ అని డీఫాల్ట్ పెడదామన్నారు కొందరు. ఎక్కువమంది ఫలితాలు అలాగే ఉంటాయి కదా, టైపింగ్ కలిసొస్తుందని వాళ్ల వాదన. నేను ఒప్పుకోలేదు. ఇంకా ల్యాబ్ గడప తొక్కని నమూనాకు కూడా అప్పుడు ‘సాధారణం’ అనే కనిపిస్తుంది. డాక్టరు దాన్ని చూసి రోగిని ఇంటికి పంపేస్తారు. చివరికి ‘ఫలితం రాలేదు’ అన్నదే డీఫాల్ట్ అయింది.

డీఫాల్ట్ పెట్టాక దాన్ని పరీక్షించకుండా నమ్మడం ఇంకో ప్రమాదం. మేం వాడే జాంగో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌లో ఫీల్డుకు ఇచ్చే డీఫాల్ట్ పైథాన్ కోడ్‌లోనే ఉంటుంది. ఎవరైనా నేరుగా డేటాబేస్‌లోకి వరుసలు ఎక్కిస్తే ఆ డీఫాల్ట్ వాటికి వర్తించదు. డేటాబేస్‌లోనే ఉండే డీఫాల్ట్‌ను చెప్పుకునే వీలు 2023 డిసెంబరులో వచ్చిన 5.0 వెర్షన్‌తో కలిగింది. నమూనా ఏ దశలో ఉందో చెప్పే స్టేటస్‌ల సంగతి ఇంకా ఆశ్చర్యం. ఫలానా నాలుగు విలువలే ఉండాలని మోడల్‌లో జాబితా రాసినా, రికార్డును మామూలుగా సేవ్ చేసేటప్పుడు ఆ జాబితాను ఎవరూ చూడరు. అయిదో మాట రాసినా నిక్షేపంగా లోపలికి పోతుంది. విడిగా తనిఖీ చేయించాలి, లేదా డేటాబేస్‌లోనే షరతు పెట్టాలి. అందుకే ఏమీ ఇవ్వకుండా రికార్డు సృష్టించి ఏం వచ్చిందో చూస్తాను. ‘రద్దు’ అయిన నమూనాను ‘ఫలితం వచ్చింది’లోకి నెట్టి, సాఫ్ట్‌వేర్ దాన్ని తిప్పికొడుతోందో లేదో కూడా చూస్తాను. జరగకూడనిది ఆగుతోందని తేలేవరకు పరీక్ష సగమే అయినట్టు.

2017 నవంబరులో ఖరగ్‌పూర్ స్టేషన్‌కు 800 రూట్ల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వచ్చింది. అందులోనూ అసలు పని అదే, జరగకూడనిదాన్ని ఆపడం. ఒక రూటు ఇచ్చాక దానికి అడ్డొచ్చే రూట్లన్నీ బిగుసుకుపోవాలి.

గడి తప్పుగా నిండితే మనిషి సంగతి కూడా తప్పుగానే నమోదవుతుంది. మా ఊళ్లో ఒక దరఖాస్తులో మాతృభాష గడి ముందే ‘బెంగాలీ’ అని నిండి ఉండటం చూశాను. దాన్ని మార్చాలని తోచనివాళ్ల తెలుగు లెక్కలోకే రాదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ హోదా నిలబడాలంటే మనవాళ్ల లెక్క సరిగ్గా ఉండాలి. మాతృభాష గడి ఖాళీగానే రావాలి.

ఇక చెప్పడానికి మనసొప్పనిది బహానగా బజార్. ఒడిశాలోని ఆ స్టేషన్ ఖరగ్‌పూర్ డివిజన్‌లోదే. 2023 జూన్ 2 సాయంత్రం షాలిమార్ నుంచి చెన్నై వెళ్తున్న కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు హోమ్ సిగ్నల్ మెయిన్ లైన్ మీద పచ్చ చూపింది. బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింటు మాత్రం పక్కనున్న లూప్ లైనుకు తిరిగి ఉంది. అక్కడ ఆగి ఉన్న గూడ్స్ బండిని కోరమండల్ ఢీకొట్టింది. 290 మందికి పైగా చనిపోయారు. విశాఖ, విజయవాడ వెళ్లడానికి మేం ఎక్కే బండి అది. సిగ్నల్ సర్క్యూట్‌లో గతంలో చేసిన మార్పుల్లోనూ, 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటు అడ్డుకర్ర మార్చే పనిలోనూ జరిగిన లోపాలే కారణమని ఆ జూలైలో ప్రభుత్వం రాజ్యసభకు చెప్పింది. పాయింటు ఉన్న స్థితి ఒకటి, సర్క్యూట్ నమ్మిన స్థితి ఇంకొకటి.

కోడ్ రాసే తెలుగు పిల్లలారా, మీరు వేల సంఖ్యలో ఉన్నారు, ఆస్పత్రులు, బ్యాంకులు, రైళ్లు మీ చేతుల్లో ఉన్నాయి. అమ్మా, బాబూ, ఈ వారం మీ మోడల్ ఒక్కటి తెరిచి, స్టేటస్ గడికి ఎవరూ ఏమీ ఇవ్వనప్పుడు ఏం వస్తోందో చూడండి. అది ‘సరే’ అని ఉంటే మార్చండి. మార్చాక దానికో టెస్టు రాయండి.