పక్షికి దగిన బాణము

అమరకోశమును వల్లించినవారికి ఖగ శబ్దము పక్షికిని బాణమునకును గూడ బేరని తెలియును. పత్రి శబ్దమును నట్టిదే. రెండింటికిని ఱెక్కలున్నవి గదా! చిన్ననాడు మా నాయనగారు చెప్పిన యీ ముచ్చట, అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున నున్న మా తమ్ముని యుత్తరము వచ్చినది మొదలు నన్ను విడువకున్నది.

అతడచ్చట శరత్కాలమున, అనుమతిపత్రము గైకొని, వింటితో గ్రౌసు పక్షులను వేటాడుచున్నాడట. ఆ పక్షి మన కౌజుకంటె బెద్దది, కోడిపెట్టకంటె జిన్నది. మగపక్షి కూలిన మ్రాను నెక్కి, ఱెక్కలతో గాలిని గొట్టి మద్దెలవంటి ధ్వని చేయును. చలికాలమున దాని వ్రేళ్ళ ప్రక్కలను దువ్వెనపండ్లవంటివి మొలచును. మెత్తని మంచులో దూరి రాత్రి నిద్రించును. ఇంత ముద్దైన ప్రాణిని జంపుటయా యని మా యమ్మ కంట తడిపెట్టి, "వ్రాసి మాన్పింపవే" యని నన్ను గోరినది.

నేను మాన్పింపలేదు. మాయింట మాంసము లేదు. అయినను దినువానికి ధర్మము చెప్పుటకు నాకు నోరు రాలేదు. అంగడిలో గోసిన కోడిని దెచ్చుకొనువారిని మనమేమనుచున్నాము? ఒక్క ప్రశ్న మాత్రము వేసితిని: ఏ ములుకు వాడుచున్నావు? భారతమున క్షురప్రము, అర్ధచంద్రము, భల్లము, నారాచము అని యెన్ని భేదములు! ద్రోణుని పరీక్షలో నర్జునుడు పక్షి శిరస్సును ద్రుంచినది వాడియైన క్షురముతోనే. కాని యది శిల్పులు చేసిన బొమ్మపక్షి, నొప్పి యెఱుగనిది.

తమ్ముడు విపులముగా బదులు వ్రాసినాడు. జింకకు వాడు వెడల్పు టలుగు పిట్టకు దగదట, ఱొమ్ముమాంసమును జీల్చివేయును. సన్నని మొన మఱియు జెడ్డది. చిన్న దేహమున నీవైపున దూరి యావైపున వెడలిపోవును. పక్షి యా గాయముతోనే యెగిరి, పొదలలో బడి, యెవరికిని దక్కక మెల్లగా జచ్చును. అందుచే మొద్దుమొన వాడుదురు. రబ్బరుతోనో యుక్కుతోనో చేసిన యా బొడిపె గ్రుచ్చుకొనదు. తాకిడిచేతనే ప్రాణము దీయును. జూడో యను రకమున మొద్దుమొన చుట్టును నాలుగు తీగలు చేతులవలె జాచియుండును. అవి గడ్డిని బట్టుకొనుటచే బాణము ఆకుల క్రిందికి జొచ్చి మాయము గాదు.

మొద్దుమొన యనగా దయగలదని యనుకొనరాదు. బలహీనమైన వింటితో, దూరమునుండి కొట్టినచో ఱెక్క విఱుగును గాని ప్రాణము పోదు. కావున నేనిట్లు వ్రాసితిని: "నాయనా, ఎగురుదానిని గొట్టకుము. నిలిచినదానినే, నీ గుఱి తప్పదని నీవెఱిగినంత దగ్గఱనుండియే కొట్టుము. తగిలినదానిని వెదకక యిల్లు చేరకుము."

మావారు బడిపిల్లల పుస్తకములు దిద్దుచు, వేటకు గూడ గురువవైతివా యని నవ్విరి. అమ్మకు జదివి వినిపించితిని. ఆమె పక్షి మాట యెత్తలేదు. మంచి చలికోటు కొన్నాడో లేదో యడుగుమన్నది.