పొద్దుగూకితే... బీచ్ తాబేళ్లది!

గ్రీకు దీవి అనగానే తెల్లటి గోడలూ నీలం గుమ్మటాలూ కళ్లముందు మెదులుతాయి. క్యాలెండర్లలో కనిపించే ఆ దీవి శాంతోరిని. గ్రీసుకి పడమటి వైపు, అయోనియన్ సముద్రంలో ఉన్న జాకింథోస్ తీరే వేరు. ఎటు చూసినా ఆలివ్ తోటలూ ద్రాక్ష తోటలూ. ఒకప్పుడు ఏలిన వెనిస్ వాళ్లు దీన్ని 'తూర్పు దేశపు పువ్వు' అని ముచ్చటగా పిలుచుకున్నారట.

ఏథెన్స్‌లో బస్సెక్కితే కిలీని రేవు దాకా తీసుకెళ్తుంది. అక్కడ మనం దిగి సామాన్లు మోసుకోనక్కర్లేదు, బస్సే ఓడెక్కేస్తుంది! గంటన్నర లోపే దీవి. రేవు దగ్గర పాత పట్టణంలా కనిపించేదంతా నిజానికి కొత్తదే. 1953 ఆగస్టులో వచ్చిన భూకంపాలకు ఊరు దాదాపు నేలమట్టమైంది. మళ్లీ పాత పద్ధతిలోనే, ఆర్చీల వరండాలతో కట్టుకున్నారు. గ్రీసు జాతీయ గీతం రాసిన దియోనీసియోస్ సొలొమోస్ 1798లో పుట్టింది ఈ ఊళ్లోనే.

దీవికి దక్షిణాన లగానాస్ అనే ఊరుంది. రాత్రంతా పాటలూ తాగుళ్లూ... పిల్లాపాపలతో వెళ్లేవాళ్లకు నేనైతే చెప్పను. అదే అఖాతానికి తూర్పు అంచున, వాసిలికోస్ ద్వీపకల్పం చివర ఉంది గెరాకాస్. పట్నం నుంచి అరగంట ప్రయాణం. ఆలివ్ చెట్ల మధ్య అద్దె గదులు, నాలుగు భోజనశాలలు, ఓ మట్టి దారి, ఆ తర్వాత మెట్లు. దిగితే నెలవంకలా వంపు తిరిగిన ఇసుక తీరం. నీళ్లు ఎంత లోతు తక్కువంటే చిన్నపిల్లలు కూడా చాలా దూరం నడిచి వెళ్లొచ్చు.

బీచ్‌లోకి అడుగుపెట్టే ముందే బోర్డు పలకరిస్తుంది. నీళ్లకు దగ్గరగా ఉన్న తడి ఇసుక మీదే కూర్చోవాలి, వెనకవైపు పొడి ఇసుకలోకి వెళ్లకూడదు. అక్కడ గొడుగు గుచ్చకూడదు, గోతులు తవ్వకూడదు. పొద్దుగూకాక తెల్లారేదాకా మనుషులెవరూ ఉండకూడదు. మొదట చదివినప్పుడు ఇదేదో హాస్టల్ వార్డెన్ వ్యవహారంలా అనిపిస్తుంది. అయితే మనం కూర్చోకూడదన్న ఆ ఇసుక కిందే, సుమారు అర మీటరు లోతులో, గుడ్లున్నాయి. ఒక్కో గూట్లో వందకు పైగా!

ఇవి కరెట్టా కరెట్టా తాబేళ్లవి. ఒక్కోటి క్వింటాలు దాకా తూగుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా రాత్రిపూట ఒడ్డుకొచ్చి, గొయ్యి తవ్వి, గుడ్లు పెట్టి, పూడ్చేసి వెళ్లిపోతుంది తల్లి. వస్తుండగా వెలుతురో అలికిడో తగిలితే పెట్టకుండానే వెనక్కి తిరుగుతుంది. సుమారు రెండు నెలలకు పిల్లలు బయటికొస్తాయి. చీకట్లో సముద్రం కాస్త వెలుగ్గా ఉంటుంది కాబట్టి అటే పరుగెడతాయి. వెనక ఏ హోటల్ దీపమో వెలుగుతుంటే పాపం, అటు వెళ్లి చస్తాయి. ఆడా మగా అన్నది కూడా ఇసుక వేడిని బట్టే తేలుతుంది. వేడెక్కువైతే ఆడపిల్లలే ఎక్కువ. బతికి పెద్దదైన ఆడ తాబేలు ఇరవై ముప్ఫై ఏళ్ల తర్వాత మళ్లీ ఈ ప్రాంతపు తీరాలకే వెతుక్కుంటూ వస్తుంది.

కాబట్టి గెరాకాస్ నిశ్శబ్దం దానంతటది వచ్చింది కాదు, కొట్లాడి తెచ్చుకున్నది. 1999లో ఈ అఖాతాన్ని జాతీయ సముద్ర పార్కుగా ప్రకటించారు. అయినా నిబంధనలు కాగితం మీదే ఉన్నాయని యూరోపియన్ న్యాయస్థానం 2002లో గ్రీసును తప్పుపట్టింది. లగానాస్ వైపు ఇసుకలో తిరిగే మోపెడ్లనూ, గెరాకాస్ నీళ్లలోని పెడల్ పడవలనూ సైతం తీర్పులో ప్రస్తావించింది. పక్కనే ఉన్న సెకానియా తీరానికి సందర్శకులకు అసలు ప్రవేశమే లేదు. ఆ వెనకున్న భూమిని 1994లో డబ్ల్యుడబ్ల్యుఎఫ్ కొనేసింది.

నాణేనికి రెండోవైపూ చూడాలి. లగానాస్‌లో తీరాన జాగా ఉన్నవాడు హోటల్ కట్టి బాగుపడ్డాడు. ఇక్కడ జాగా ఉన్నవాడికి ఆలివ్ చెట్లే మిగిలాయి. కట్టుకోనివ్వరు సరే, నష్టపరిహారం మాటేమిటన్న గొడవ ఏళ్ల తరబడి నలిగింది. దఫ్నీ అనే చోట అనుమతి లేని కట్టడాలూ లేచాయి. తాబేలును కాపాడాలని చెప్పడం యాత్రికుడికి తేలికే. అతను వారం ఉండి వెళ్లిపోతాడు. చెట్లు పట్టుకుని కూర్చున్న రైతును ఎవరు చూస్తారు?

విశాఖ వాళ్లకు ఇదంతా కొత్త కథ కాదు. మన తీరానికీ ఏటా చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లొస్తాయి. కాకపోతే మన దగ్గర కుక్కలూ నక్కలూ తినేస్తాయని గుడ్లను ఏరి, కంచె వేసిన కేంద్రాల్లో పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదులుతారు. గెరాకాస్‌లో గుడ్లను వీలైనంత వరకూ ఉన్నచోటే ఉంచి, చుట్టూ చిన్న చట్రం పెట్టి మనుషుల్ని తప్పుకోమంటారు.

తిండికి శాకాహారులూ భయపడక్కర్లేదు. వంకాయ, బంగాళాదుంప, టమోటా కలిపి ఆలివ్ నూనెలో మగ్గబెట్టే 'బ్రియామ్' అన్నంలోకి కూడా బాగుంటుంది. నూనెలో నానబెట్టిన ఇక్కడి చీజ్ ఘాటు అందరికీ పడదు. నువ్వులూ తేనే కలిపి చేసే 'పస్తేలి' మాత్రం కొరికితే అచ్చం మన నువ్వుజీడే! చిన్న నల్ల ఎండుద్రాక్ష ఓ పొట్లం కట్టించుకోవడం మరవొద్దు.

జులై, ఆగస్టుల్లో ఎండా జనమూ రెండూ ఎక్కువే. సెప్టెంబరు నయం. నీళ్లు వెచ్చగా ఉంటాయి, గూళ్లలోంచి పిల్లలు ఇంకా వస్తుంటాయి. ఓడ శిథిలంతో పేరుపడ్డ నవాజియో బీచ్‌ను చూడాలనుకుంటే ముందే వాకబు చేసుకోండి. 2022 సెప్టెంబరులో భూకంపానికి అక్కడ కొండచరియ విరిగిపడింది, తర్వాతి వేసవుల్లో ఒడ్డున దిగడాన్ని నిషేధించారు. గ్రీసుకి షెంగెన్ వీసా కావాలి. గెరాకాస్‌లో గది తీసుకుంటే టార్చిలైటు వెంట ఉంచుకోండి, బీచ్‌కి కాదు... గదికి వెళ్లే దారిలో దీపాలు తక్కువ.