పాత ఫాను

మాది వాల్మీకిపురం. మా ఊరి పెద్దవాళ్ళు ఇప్పటికీ వాయల్పాడు అనే అంటారు. నేను చాలా ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయాను. రిటైరయాక కొందరు తీర్థయాత్రలు చేస్తారు, కొందరు పూలతోట పెంచుతారు. నేను పాత ఎలెక్ట్రిక్ ఫాన్లు పోగుచెయ్యటం మొదలుపెట్టాను. మదనపల్లెలోనూ, పుంగనూరులోనూ పాత ఇనప సామాన్ల అంగళ్ళవాళ్ళకు నేను బాగా తెలుసు. పాత ఫాను దొరికితే నాకు కబురు చేస్తారు. మా ఇంటావిడ మాత్రం, "ఇల్లంతా ఫాన్లే, ఒక్కదానికీ గాలి రాదు!" అని నవ్వుతుంది.

ఆవిడ అన్నది నిజమే. ఒక ఫానులో తీగచుట్ట కాలిపోయి ఉంటుంది, రెక్కలు బాగుంటాయి. ఇంకొకదానికి రెక్కలు వంగిపోయి ఉంటాయి, తీగచుట్ట బాగుంటుంది. ఆ రెండూ విప్పి ఒక మంచి ఫాను తయారుచెయ్యటం నా పని. ఈ పనిలోనే నేనొక తప్పు చేశాను. అది మీకు చెప్పాలి.

ముందు ఫాను ఎలా తిరుగుతుందో చూడండి. రాగితీగ చుట్టలో కరెంటు పారితే ఆ చుట్ట అయస్కాంతంలాగా పనిచేస్తుంది. మన ఇళ్ళలోని కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. తీగచుట్టలను ఒక పద్ధతిలో అమర్చితే, ఆ ఊపుకు అయస్కాంత శక్తి గుండ్రంగా తిరుగుతున్నట్టవుతుంది. మధ్యలో ఉన్న ఇరుసు దాని వెంటపడి తిరుగుతుంది. ఇరుసుకు తగిలించిన రెక్కలు గాలి విసురుతాయి.

టేబిలు ఫానుకు ఇంకొక విద్య కూడా ఉంది. అది తల అటూ ఇటూ తిప్పుతుంది. దానికోసం వేరే మోటారు ఏమీ లేదు. ఇరుసు వెనకకొసన మరచుట్లు ఉంటాయి. అవి ఒక పళ్ళచక్రాన్ని నెమ్మదిగా తిప్పుతాయి. ఆ చక్రానికి కాస్త పక్కగా బిగించిన చిన్న కమ్మీ, ఫాను తలను ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకూ లాగుతుంది.

అయిదేళ్ళ కిందట ఒక అవ్వ గోనెసంచిలో టేబిలు ఫాను ఒకటి తెచ్చింది. "తిరగటం మానేసింది, అయ్యోరూ. తూకానికి వేసే బదులు మీకిద్దామని తెచ్చినా," అన్నది. ఆవిడ భర్త కోలారు బంగారుగనుల్లో పనిచేసి పోయాడట. ఆ గనులకు కావేరిమీది శివసముద్రంనుంచి 1902 లోనే కరెంటు వచ్చింది. మన చిత్తూరు సీమనుంచి ఎందరో అక్కడికి పనికి వెళ్ళారు. ఆ గనులు 2001 లో మూతపడ్డాయి. ఒక దొరల బంగళాలో సామాన్లు వేలం వేసినప్పుడు, ఆయన ఈ ఫాను కొన్నాడట.

అంగడివాడు ఇచ్చేదానికంటె ఎక్కువే ఇచ్చి ఫాను తీసుకున్నాను. అదే రకం ఫాను నాదగ్గర ఇంకొకటి ఉన్నది. రెండూ కలకత్తాలో తయారైనవే. నాదానికి తల తిప్పే పళ్ళచక్రం లేదు. ఆ సాయంత్రమే అవ్వ ఫాను విప్పి, పళ్ళచక్రం, రెక్కలు, స్విచ్చి తీసుకున్నాను. తీగచుట్ట పూర్తిగా కాలిపోయింది. మిగిలిన ఇనమంతా మర్నాడు అంగడికి పంపేశాను.

మూడు నెలల తరువాత అవ్వ మనమడు వచ్చాడు. వాడు ఏడో తరగతి చదువుతున్నాడు.

"సారూ, మా తాత ఫాను ఒకసారి తిరగేసి చూడవచ్చునా? దాని పీట అడుగున మా అమ్మ పుట్టిన తేదీ తాత మేకుతో గీసినాడంట. ఇవాళే అవ్వకు జ్ఞాపకం వచ్చింది," అన్నాడు.

"మీ అమ్మ పుట్టిన తేదీ బడి కాగితాల్లో ఉంటుంది కదా?" అన్నాను.

"అది అయివారు ఉజ్జాయింపుగా వేసిందంట, సారూ," అన్నాడు వాడు.

నాకు నోట మాట రాలేదు. తేదీ తెలియని పిల్లలు బడిలో చేరేటప్పుడు, వయసు అంచనా కట్టి జూలై 1 అని నేనూ ఎందరికో రాశాను. ఆ అమ్మాయి అసలు తేదీ లోకంలో ఒక్కచోటనే ఉన్నది. దాన్ని నేను తూకానికి వేశాను!

వెంటనే అంగడికి పరుగెత్తాను. ఆ సరుకు ఎప్పుడో లారీలో వెళ్ళిపోయింది. ఈపాటికి కరిగిపోయి కూడా ఉంటుందన్నాడు అంగడివాడు.

ఏదో ఒక అబద్ధం చెప్పి పంపెయ్యవచ్చు. కాని నలభైమంది పిల్లలముందు నిలబడి నిజం చెప్పమని బోధించినవాణ్ణి, ఒక్క పిల్లవాడిముందు అబద్ధం ఎలా ఆడను? జరిగింది జరిగినట్టు చెప్పాను. వాడు ఏడవలేదు, కోప్పడనూ లేదు. "మరి ఏం మిగిలింది, సారూ?" అని మాత్రం అడిగాడు.

మర్నాడు అవ్వను కూడా పిలిపించి, నేను బాగుచేసిన ఫాను వేశాను. అది తిరుగుతూ ఎడమ కొసకు వెళ్ళి "టక్" అన్నది. కుడికి వెళ్ళి మళ్ళీ ఎడమకు రాగానే మళ్ళీ "టక్" అన్నది. పళ్ళచక్రంలో ఒక పన్ను అరిగిపోయింది. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ఒకసారి ఆ చప్పుడవుతుంది. మంచి చక్రం దొరికితే మార్చుదామని నేను అనుకుంటూ ఉన్నాను.

అవ్వ చెయ్యెత్తి, "ఉండండి!" అన్నది. కళ్ళు మూసుకుని కొంచెంసేపు విన్నది. "ఇదే! బిడ్డ పుట్టిన ఏడు తెచ్చినాడు. రాత్రంతా ఈ చప్పుడే," అన్నది.

ఆ ఫాను అవ్వకే ఇచ్చేశాను. పన్ను మార్చలేదు. కాని ఆ తేదీ మాత్రం పోయిందే. ఏ అంగట్లోనూ అది దొరకదు.

అప్పటినుంచి నాదగ్గర ఒక నోటుపుస్తకం ఉన్నది. ఏ ఫాను వచ్చినా, అది ఎవరిది, ఎక్కడినుంచి వచ్చింది, దానిమీద ఏం రాసి ఉంది అని అన్నిపక్కలా తిరగేసి చూసి, రాసుకున్నాకనే మొదటి మర విప్పుతాను. ఆదివారాల్లో ఆ రాతపని అవ్వ మనమడిదే. కరెంటు తీగ పెరికేశాక కూడా ఫాను కండెన్సరులో కరెంటు నిలవ ఉండి కొట్టవచ్చునని వాడికి నేర్పాను. పెద్దవాళ్ళు దగ్గర లేకుండా మీరెవరూ ఫాను విప్పకండి.

పిల్లలూ, మీ ఇంట్లో పాత వస్తువు ఏదైనా పారవెయ్యబోతుంటే, ముందు ఒకసారి తిరగేసి చూడండి. అది ఎలా వచ్చిందో మీ అవ్వనూ, తాతనూ అడగండి.