చెక్కుబందీ

భూమి అమ్మకపు దస్తావేజునందు చెక్కుబందీ వ్రాయుట మనవారి ఆచారము. తూర్పున ఎవరి పొలము, దక్షిణమున ఏ కాలువ, పడమట ఏ డొంక, ఉత్తరమున ఏ గట్టు అని నాలుగు హద్దులును అందు కనబడును. హద్దులు తప్పుగా వ్రాసినంత మాత్రమున పొలము పండుట మానదు. తగవు వచ్చిన నాడే ఆ వ్రాతలోని లోపము బయటపడును. కంప్యూటరులను నడుపు వ్రాతలయందును ఇట్టి దస్తావేజులు కలవు.

కంప్యూటరునందలి పనులన్నిటికిని ఆధారమైన మూలవిధానమును ఆపరేటింగు సిస్టము అందురు. 1991లో ఫిన్లాండు దేశమున లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి ఆరంభించిన లినక్సు అట్టిది. అందు అధికభాగము ‘సి’ అను భాషలో వ్రాయబడినది. సమాచారమును డిస్కులపై నుంచుటకును, మరల తీసికొనుటకును అందు డ్రైవరులను భాగములు కలవు. రోగుల వివరములైనను, బ్యాంకు లెక్కలైనను వీని మీదుగానే డిస్కునకు చేరవలెను.

డ్రైవరు తన పరికరముతో వ్యవహరించునపుడు పట్టికలను వాడును. పట్టిక మొదట నియతమైన కొన్ని వివరములుండును. చివర గడుల వరుస యొకటి యుండును. ఈ వరుసకే అర్రే అని పేరు. ఒకచోట రెండు డిస్కులుండవచ్చును. వేరొకచోట ఇరువది యుండవచ్చును. కనుక చివరి వరుస పొడవు ముందుగా తెలియదు. 1970వ దశకమున ‘సి’ భాష పుట్టిననాడు, పొడవు తెలియని వరుసను చెప్పుటకు అందు తగిన మార్గము లేకపోయెను. పనివారు ఒక ఉపాయము పన్నిరి. వరుసలో గడి ఒకటే యని ప్రకటించి, మెమరీలో కావలసినంత చోటు తీసికొని, తరువాతి గడులను కూడ వాడుకొనిరి. మరికొందరు సున్న యని వ్రాసిరి. అవసరము అట్టిది; వారిని నిందింపరాదు. 1999 నాటి భాషాప్రమాణము ఈ కొరత తీర్చినది. అంకె వ్రాయక కుండలీకరణమును ఖాళీగా విడిచినచో, ‘పొడవు తరువాత తెలియును’ అని దాని యర్థము.

పాత వ్రాతవలన కలిగిన హాని యేమి? మనుష్యుడు వ్రాసిన దానిని యంత్రభాషలోనికి మార్చు సాధనమునకు కంపైలరు అని పేరు. హద్దు దాటిన వ్రాతలను అది కొంతవరకు కనిపెట్టగలదు. కాని ‘ఒకటి’ యనగా నిజముగా ఒకటియో, అనేకమో దానికి తెలియదు. అందుచేత పట్టికల చివర నున్న వరుసలన్నిటిని అది హద్దులేనివిగా నెంచి విడిచిపెట్టుచు వచ్చెను. నిజముగా పదునారు గడులే గల వరుసకును కావలి లేకపోయెను. కొందరు తప్పు చెప్పుటవలన, నిజము చెప్పినవారికిని రక్షణ కరవయ్యెను. హద్దు దాటిన వ్రాత ప్రక్కనున్న సమాచారమును చెరచును. దుర్మార్గులకు దారియు చూపును.

దీనిని సవరింప బూనినవానికి మొదట ఒక సంకోచము కలుగును. ఆ డ్రైవరు ఏండ్ల తరబడి చక్కగా నడచుచున్నది, దానిని ముట్టనేల? ఆ సంకోచము నిష్కారణము కాదు. పట్టిక తలభాగము 8 బైట్లు, ఒక్కొక్క గడి 4 బైట్లు, కావలసిన గడులు పది యనుకొందము. మొత్తము 48 బైట్లు కావలెను. పాత పద్ధతిలో పట్టిక పరిమాణమునందే ఒక గడి చేరియుండును. కనుక 12కు తొమ్మిది గడుల 36 కలిపెడివారు. క్రొత్త పద్ధతిలో 8కి 40 కలుపవలెను. ప్రకటనలోని ‘ఒకటి’ని చెరిపి, దూరముగా మరియొక పుటలో నున్న ‘ఒకటి తగ్గించుము’ అను మాటను మరచినచో 44 మాత్రమే లభించును. పదియవ గడి పొరుగువాని చోటున పడును. అంతేకాక, పరికరము కూడ అదే పట్టికను చదువవలసియున్నచో, అందలి వివరములు ఒక్క బైటైనను స్థానము మారరాదు.

అందుచే ఈ పనివారు తొందరపడరు. ఒక్కొక్క పట్టికకు ఒక్కొక్క సవరణ వ్రాయుదురు. ఆ పట్టికను వాడిన చోట్లనెల్ల వెదకుదురు. సవరణకు ముందును, తరువాతను వచ్చిన యంత్రభాషను సరిపోల్చి చూతురు. పిదప ఇతరుల పరిశీలనకు పంపుదురు. అనేక డిస్కులను ఒక్కటిగా కూర్చి నడుపు మెగారెయిడ్ పరికరముల డ్రైవరునందు 2022లో ఇట్టి సవరణలు జరిగినవి. ఇట్లు లినక్సు నందలి పలుభాగములు చక్కబడిన పిమ్మట, 2023లో వెలువడిన 6.5వ కూర్పునుండి, ఖాళీ కుండలీకరణము గల వరుసలనే పొడవు తెలియనివిగా నెంచుమని కంపైలరునకు ఆజ్ఞ యీయబడెను. తక్కిన వరుసలకు వ్రాసిన అంకెయే హద్దు అయ్యెను.

సవరణను చూచినవారికి ఒక చిన్న అంకె పోయినట్లు మాత్రమే తోచును. దానివలన డిస్కు వేగముగా తిరుగదు. క్రొత్త సౌకర్యమేదియు తెరపై కనబడదు. కాని పొలమునకు చెక్కుబందీ సరిగా కుదిరినది. ఇక తగవు వచ్చిన నాడు కావలివాడు ఏ గట్టున నిలువవలెనో వానికి తెలియును.